లాస్యకు కట్టిన పాట

పెడన మగ్గాల వీధిలో రత్నకుమారిని ఎవరూ బొట్టు పెట్టి పెళ్ళికి పిలిచేవాళ్ళు కాదు. భర్త పోయిన ఆడమనిషి కదా, కుంకుమభరిణె ఆవిడ దాకా వెళ్ళేది కాదు. తమ్ముడి భార్య ఝాన్సీలక్ష్మికి బొట్టు పెట్టి, శుభలేఖ చేతిలో పెట్టి, చెప్పులేసుకుంటూ మాత్రం లోపలికి ఒక కేక వేసేవాళ్ళు. "రత్నం పిన్నిగారూ, అప్పగింతలకు తప్పకుండా రావాలండీ. మీరు లేకపోతే మా పిల్ల కారెక్కదు!"

హారతి పాటకు ఆవిడ పనికిరాదు. తలంబ్రాలప్పుడు ఎదురు రాకూడదు. పిల్లను సాగనంపేటప్పుడు నలుగురినీ ఏడిపించడానికి మాత్రం ఆవిడే కావాలి. మన ఆచారాలకు ఒక దణ్ణం పెట్టాలి! అయినా రత్నకుమారి దానికేం నొచ్చుకునేది కాదు. వంటవాళ్ళ వైపు ఏదో ఒక కుర్చీలో కూర్చుని, అప్పగింతలు అన్న మాట వినపడగానే లేచి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వచ్చేది. అంతసేపూ ఆవిడని పట్టించుకోని జనం అప్పుడు తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు. పెళ్ళికూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మగపెళ్ళివారి వైపు తిరిగి, పాట ఎత్తుకునేది. పెళ్ళికూతురిని ముట్టుకునే భాగ్యం ఆవిడకు ఆ కాసేపే.

అది పుస్తకాల్లో దొరికే పాట కాదు. ఏ పిల్ల పాట ఆ పిల్లదే. పెళ్ళి దగ్గర పడగానే రత్నకుమారి వాళ్ళింటికి వెళ్ళి వంటగదిలో బైఠాయించేది. బీరకాయల చెక్కు తీసి పెడుతూ ఆ మాటా ఈ మాటా కదిపేది. "మీ అమ్మాయి చిన్నప్పుడు దేనికి ఏడ్చేదమ్మా? ఏం పెడితే తినేది కాదు? ఎవరితో పోట్లాడేది?" అవన్నీ పాటలోకి ఎక్కేవి. గోళ్ళు కొరికే పిల్ల. కాకరకాయ పేరెత్తితే మంచం కిందకి దూరే పిల్ల. ఇంటర్ తప్పి, చచ్చిపోతానని కాలవ గట్టు మీద కూర్చుని, ఆకలేసి ఇంటికొచ్చేసిన పిల్ల. ఇదిగో మా పిల్ల, ఇవీ దీని గుణాలు, ఇంక మీదే భారం అని వియ్యాలవారికి అప్పజెప్పేది. జనం నవ్వేవాళ్ళు. నవ్వుతూనే ముక్కులు చీదేవాళ్ళు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకే భోరుమన్నాడు. "వీడేంట్రా బాబూ, మన పిల్లని ఇలాంటివాడికిచ్చామేంటి" అని పెళ్ళికూతురి బాబాయి కంగారుపడిపోయాడు.

ఆ పాటకో కట్టడి ఉంది. పెళ్ళికి ముందు దాన్ని పూర్తిగా పైకి పాడకూడదు. మూడుముళ్ళు పడకుండానే పిల్లను సాగనంపినట్టవుతుందట, అరిష్టమట. అందుకని ఒకసారి పాడి చూసుకోవటాలు, సరిదిద్దుకోవటాలు ఉండవు. మనసులో కట్టుకోవటం, పందిట్లో నోరు తెరవటం, అంతే. ఇది రత్నకుమారికి వాళ్ళమ్మ చెప్పిన మాట.

లాస్యకు రత్నకుమారి మేనత్త. ఆవిడను దివిసీమలో ఇచ్చారు. మొగుడు సాయిబాబు చేపల చెరువు మీద పనిచేసేవాడు. ఒక వానాకాలం మోటారు తీగ తగిలి చెరువులోనే పోయాడు. పిల్లాజెల్లా లేరు. తమ్ముడు ప్రభాకర్ వెళ్ళి అక్కను తీసుకొచ్చేసుకున్నాడు. అప్పటినుంచీ తమ్ముడి షెడ్డులో కలంకారీ అద్దకమే ఆవిడ పని. పొడుగాటి బల్ల మీద బట్ట పరిచి, చెక్క అచ్చు రంగులో ముంచి, బట్ట మీద ఆనించి, పిడికిలితో గుద్దటం. ఆ గుద్దుల లెక్క మీదే పాటలు కట్టుకునేది. అచ్చు గుద్దుతున్నంతసేపూ పెదాలు కదిలేవి, పైకి మాట వచ్చేది కాదు. ఎప్పుడైనా ఒక కూనిరాగం జారేది. వెంటనే నాలుక కరుచుకునేది.

లాస్య ఆ బల్ల కింద ఆడుకుని పెరిగింది. పాట కట్టటమనేది ఒకటుందని, అది మామూలు మనుషులు కూడా చేస్తారని ఆ పిల్లకు తెలిసింది అక్కడే. బందరులో డిగ్రీ చదివే రోజుల్లో ఒక సెకండ్ హ్యాండ్ గిటార్ సంపాదించింది. షెడ్డులో అచ్చులు పెట్టుకునే గూట్లో ఫోను ఆనించి, తన పాటలు తనే పాడి యూట్యూబ్‌లో పెట్టేది. అవేం పాటలనుకున్నారు! బందరు నుంచి వచ్చే ఆఖరి బస్సు మీద ఒకటి. మెసేజి చూసి కూడా జవాబివ్వని కుర్రాడి మీద ఒకటి. నాన్న చేతులకు అంటుకుని ఎన్ని సబ్బులు పెట్టినా పోని ఎర్ర రంగు మీద ఒకటి. పెడన దోమల మీద ఏకంగా రెండు. గిటార్ శ్రుతి ఎప్పుడూ అంతంతమాత్రమే. పాట మధ్యలో కుక్కర్ కూత. వెనకాల ధబ్ ధబ్ మని అత్త గుద్దే గుద్దులు. ఒక పాటలో అయితే ఝాన్సీలక్ష్మి గొంతు స్పష్టంగా, "ఒసే, పాలు పొంగిపోతున్నాయే దిక్కుమాలినదానా!" అని వినిపిస్తుంది. ఆ పాట వినేవాళ్ళకు ఆ కేకే ఎక్కువ ఇష్టం.

వినేవాళ్ళు కొద్దిమందే కానీ ప్రాణం పెట్టేవాళ్ళు. ఎక్కడో దుబాయిలో పనిచేసే ఒకాయన ఆఖరి బస్సు పాట విని, నేను ఆ బస్సులో నిలబడి ఇంటికి వెళ్ళినట్టుందమ్మా అని రాశాడు. కానీ కొద్దిమంది మెచ్చుకుంటే కడుపు నిండదు, మనసు అసలే నిండదు. డిగ్రీ అయ్యాక లాస్య పగలంతా బందరులో ట్యుటోరియల్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. సాయంత్రం పాట పెట్టి, అరగంటకోసారి ఫోను చూసుకుని, ముఖం వేలాడేసుకునేది.

"ఎందుకే ఆ ఏడుపు? నా పాట వినేది ఒక్క పందిరే. నేను ఏడుస్తున్నానా?" అనేది రత్నత్త.

"నీ పాట విని అందరూ ఏడుస్తారత్తా. నా పాట విని కనీసం తుమ్మరు కూడా," అనేది లాస్య.

అప్పుడు దిగాడు ఆనంద్. గుడివాడ కుర్రాడే. హైదరాబాదులో స్టూడియో పెట్టి, పాటలు తయారు చేసి జనంలోకి వదలటం అతని వ్యాపారం. చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది. లాస్య వీడియో ఒకదాంట్లో వెనకాల జారిన కూనిరాగం విని, వెతుక్కుంటూ పెడన వచ్చాడు. షెడ్డులో స్టూలు మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, "ఆ రాగం ఎవరిదండీ?" అన్నాడు.

"మా అత్తది. అప్పగింతల పాట."

"అదీ కావలసింది! నీ పాటలు బాగుంటాయి లాస్యా, కాదనను. కానీ గుచ్చుకుంటాయి. ఇప్పుడు జనానికి గుచ్చుకునేవి అక్కర్లేదు. పాతకాలం కావాలి. చెవిలో నెయ్యి పోసినట్టుండాలి. అమ్మమ్మగారింటి వాసన రావాలి."

"మా అమ్మమ్మగారింట్లో గంజి వాసన వచ్చేదండి. నూలుకు పెట్టే గంజి."

"అదే, కాస్త శుభ్రం చేసి ఇద్దాం," అన్నాడు ఆనంద్. లాస్య నవ్వింది. అతనూ నవ్వాడు.

ఆ సాయంత్రమే లాస్య అత్త ముందు కూర్చుంది. "అత్తా, ఒక్క అప్పగింతల పాట చెప్పవే, నేర్చుకుంటాను."

"ఎవరి పెళ్ళికి?"

"పెళ్ళేం లేదు. ఊరికే రికార్డింగుకి."

"పిల్ల లేకుండా పాటేమిటే? గాలిని అప్పజెబుతామా?" అని రత్నత్త అచ్చు ఎత్తి ఠపీమని గుద్దింది.

లాస్య వదల్లేదు. బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. నాకు ఇదొక్కటే అవకాశమత్తా, ఇది పోతే జీవితాంతం ట్యుటోరియల్లో టెన్సులు చెప్పుకుంటూ బతకాలి అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్త మనసు కరగటానికి అది చాలు. ఒక మధ్యాహ్నం బట్ట మీద నుంచి తల ఎత్తకుండానే అంది: "నీది ఉందే."

"నాదేంటి?"

"నీ పాట. నువ్వు గౌన్లేసుకునేటప్పటినుంచీ కడుతున్నా. ఏడాదికో ముక్క, రెండు ముక్కలు. నీ పెళ్ళికని దాచా. కావాలంటే అది తీసుకుపో. మళ్ళీ నీ పెళ్ళికి అదే పాడతాలే, ఎక్కడికి పోతుంది."

వద్దు అత్తా అనొచ్చు. అది నాకోసం ఉండనీ అనొచ్చు. లాస్య అనలేదు. లేచి అత్త మెడ చుట్టూ చేతులేసి ముద్దు పెట్టుకుంది. అచ్చుకున్న రంగు ఇద్దరి బట్టలకూ అంటుకుంది.

కట్టడి తప్పకూడదు కాబట్టి రత్నత్త పాటను వరసగా చెప్పలేదు. "వరసగా చెబితే పాడినట్టే అవుద్ది. ముక్కలు చెబుతా, నువ్వే అతుక్కో," అంది. ఇవాళ నడుము, రేపు తల, ఎల్లుండి తోక. అచ్చు గుద్దుతూ, మధ్యలో ఆగుతూ. లాస్య నిద్దట్లో పక్కవాళ్ళని తన్నటం, పరీక్షలనగానే జ్వరం రావటం, కోపమొస్తే మేడ మీదకెక్కి కూర్చుని, ఎవరూ బతిమాలటానికి రాకపోతే తనే దిగొచ్చి "ఎవరూ రారేం?" అని అడగటం, అన్నీ ఉన్నాయి అందులో.

రైలు గేటు కాడ సైకిలు పడేసి
రాయిదే తప్పని దబాయించే పిల్ల

ఆ ముక్క వినగానే లాస్య పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఈ బల్ల దగ్గర నిలబడి ఈ మనిషి తనని ఇంత కనిపెట్టి చూసిందా అనిపించింది. అతుక్కున్న మాటలన్నీ ఆనంద్‌కు వాట్సాప్‌లో పంపి, హైదరాబాదు బస్సెక్కింది.

ఆనంద్ విని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కత్తిరించడం మొదలుపెట్టాడు. సైకిలు తీసేద్దామన్నాడు. రాయి కూడా. "పెడన రైలు గేటంటే అనంతపురంలో పెళ్ళిచేసుకునే పిల్లకేం తెలుస్తుంది? పైగా 'దబాయించే' అన్న మాట వయొలిన్ల మీద కూర్చోదు." లాస్య పేరున్న చోట 'అమ్మలూ' అని పెట్టాడు. అలా అయితే ప్రతి పెళ్ళికూతురూ అది తన పాటే అనుకుంటుందట. తన్నటాలు, జ్వరాలు, మేడలు ఒక్కొక్కటే పోయాయి. వాటి చోట ఇవి వచ్చాయి:

మా గుమ్మం తోరణం నువ్వమ్మలూ
మా గూటిలో దీపం నువ్వమ్మలూ

గుద్దుల లెక్క పోయి, మెల్లగా ఊగే తాళం వచ్చింది. పెడన యాస సరిచేశారు. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినపడకుండా చెరిపేశారు. పాట మొదట్లో పాత రేడియో గరగర ఒకటి తగిలించారు. లాస్య పుట్టేనాటికి వాళ్ళింట్లో రేడియోనే లేదు. ఒక చచ్చిన టేప్ రికార్డరు ఉండేది, దాని మీద ఝాన్సీలక్ష్మి ఊరగాయ జాడీ పెట్టుకునేది. ఇంతకీ పాట బాగోలేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. అబద్ధమెందుకు? హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నప్పుడు లాస్యకు తన గొంతు తనకే ఎవరో పెద్ద గాయని గొంతులా వినిపించింది. ఇంటికొచ్చి అత్తకు వినిపిస్తే రత్నత్త తల ఊపుతూ విని, "నా పాటకు పట్టుచీర కట్టావే!" అని మురిసిపోయింది. ఫోను తిరిగి ఇస్తూ అడిగింది: "మరి సైకిలేదే?"

"తీసేశారత్తా."

"పోన్లే. నువ్వు పడ్డ సంగతి ఊరందరికీ ఎందుకు?"

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా! ఆ పెళ్ళిళ్ళ సీజనుకు పాట ఊరూరా పాకిపోయింది. పెళ్ళి వీడియో ఏది చూసినా చివర్న అదే. ఏ కారు తలుపు మూసుకున్నా వెనకాల లాస్య గొంతే. టీవీ వాళ్ళు పిలిచారు, అమెరికా సంఘాల వాళ్ళు పిలిచారు. ట్యుటోరియల్ మానేసింది. ఆనంద్ వరసగా అలాంటివే ఇంకొన్ని చేయించాడు. అన్నింటిలోనూ తోరణాలు, దీపాలు, వెన్నెల. మగ్గాల వీధిలో ప్రభాకర్ తల ఎత్తుకుని తిరిగాడు.

ఆ సీజన్లోనే పెడన పక్కనున్న గూడూరులో నవ్య పెళ్ళి. నవ్య లాస్యకు బడిలో స్నేహితురాలు. పద్ధతి ప్రకారం వాళ్ళు గుమ్మం దగ్గర కేకేసి వెళ్ళారు. రత్నత్త ముందుగానే వెళ్ళి వాళ్ళ వంటగదిలో కూర్చుని నవ్య సంగతులన్నీ ఏరుకొచ్చింది. పెళ్ళిలో లాస్యతో ఫొటోలు దిగటానికి జనం ఎగబడ్డారు. అప్పగింతలనగానే రత్నత్త వంటవాళ్ళ వైపునుంచి లేచి వచ్చి, నవ్య చెయ్యి పట్టుకుని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే స్పీకరు బాక్సుల్లోంచి రేడియో గరగర మొదలైంది.

రత్నత్త ఆగలేదు. అలవాటైన మనిషి, తన పాట తను ఎత్తుకుంది. రెండు పాటలూ కలిసి గందరగోళమైపోయింది. వీడియో తీసే మనిషి చెయ్యి ఊపాడు. "పెద్దమ్మగారూ, మీరు కాస్త ఆగండి. పాట పాడైపోతోంది."

నవ్య వాళ్ళ అమ్మ కూడా భుజం మీద చెయ్యేసి, "తర్వాత పాడుదురుగాని పిన్నిగారూ, ఎడిటింగుకి ఇబ్బందట," అంది. రత్నత్త నవ్య చెయ్యి వదిలేసింది. ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి వేసి, జనంలో కలిసిపోయింది. తోరణం నువ్వమ్మలూ అని బాక్సులు పాడుతుంటే పక్కనే సెల్ఫీకి నిలబడి ఉంది లాస్య. ఆపండి ఆ బాక్సు అంటే ఆగేది. లాస్య మాట కాదనే ధైర్యం ఆ హాల్లో ఎవరికీ లేదు. కానీ ఎవరో "ఇటు చూడండి మేడమ్" అన్నారు, ఇటు చూసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటో పెడన పొలిమేర చేరాక రత్నత్త, "ఆ చివర్న గొంతు తిప్పావు చూడు, ఎక్కడ నేర్చుకున్నావే? బాగుంది," అంది. తిట్టినా బాగుండేదని లాస్య అనుకుంది.

ఆ తర్వాత గుమ్మం దగ్గర కేకలు ఆగిపోయాయి. ఎవరూ పనిగట్టుకుని మానలేదు. అవసరం లేకపోయింది, అంతే. ఝాన్సీలక్ష్మికి బొట్టు పెట్టి, "లాస్యమ్మ కూడా వస్తే మా అదృష్టమండీ" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. రత్నత్త షెడ్డులోంచి అవన్నీ వింటూ అచ్చులు గుద్దుకునేది. ఎవరి వంటగదిలోనూ కూర్చోవలసిన పని లేదు. ఏ పిల్ల దేనికి ఏడుస్తుందో తెలుసుకోవలసిన పని లేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయినట్టయింది ఆవిడ బతుకు. దానికి తోడు షెడ్డు వెనకాలే కొత్తగా ఫంక్షన్ హాలు కట్టారు. ముహూర్తం ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే గోడ దాటి ఆ పాటే వచ్చేది. వద్దన్నా చెవిలో పడేది. వినీ వినీ ఆవిడ పెదాలు కూడా దానికే కదలటం లాస్య ఒకసారి చూసింది. చూసి, నవ్వుకుంది కూడా. అత్త కూడా నా అభిమానే అయిపోయిందని ఆనంద్‌కు ఫోన్లో చెప్పింది.

లాస్య సంగతీ ఏమంత బాగా లేదు. పేరుంది, పాట లేదు. ఒక వానరోజున గిటార్ పట్టుకుని పాత రోజుల్లోలాగా ఏదైనా కడదామని షెడ్డులో కూర్చుంది. బజారులో చేపలమ్మే ఆవిడ పోట్లాట మీద కడదామనుకుంది. మొదటి ముక్కలోనే వెన్నెల వచ్చి కూర్చుంది. కొట్టేసింది. రెండోసారి తోరణం వచ్చింది. ఎంత కసురుకున్నా ఆ ఊగే తాళమే వస్తోంది, ఆ తియ్యటి మాటలే వస్తున్నాయి. దుబాయి ఆయన చాలాకాలం తర్వాత ఒక కామెంటు పెట్టాడు. పాట చాలా బాగుందమ్మా, కానీ మీ అమ్మగారు కేకలెయ్యటం మానేశారా అని అడిగాడు. లాస్య ఫోను బోర్లించి పెట్టి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. ఎవర్ని తిడుతుంది? తన చేతులారా చేసుకున్నదేగా.

మరుసటి ఏడు గుడివాడ సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు మహేష్, కాలేజీ లెక్చరరు. మొదటిసారి కలిసినప్పుడు లాస్య పాటల్లో దోమల పాట ఇష్టమన్నాడు. ఆ ఒక్క ముక్కకే లాస్య ఒప్పేసుకుంది. పెళ్ళి బందరులో. ఇంట్లో అందరికీ లాస్య ముందే చెప్పేసింది. "అప్పగింతలప్పుడు బాక్సు పెట్టడానికి వీల్లేదు. మా అత్త పాడాలి. ఆవిడ నాకోసం కట్టిన పాట పాడాలి. అది లేకపోతే నేను కారెక్కను." చెప్పటమే కాదు, కుంకుమభరిణె తీసుకుని షెడ్డులోకి వెళ్ళి, బల్ల దగ్గరున్న అత్త ఎదురుగా నిలబడింది.

"పెళ్ళికి రావాలత్తా," అని వేలు కుంకుమలో ముంచింది.

రత్నత్త చివ్వున వెనక్కి జరిగింది. "పిచ్చి పట్టిందా నీకు? తియ్యి చెయ్యి! శుభమా అని పెళ్ళి చేసుకుంటా ఇదేంటి?"

"నిన్ను బొట్టు పెట్టి పిలుద్దామనే."

"వస్తాలే, పాడతాలే. పిలవకపోతే రానా?" అంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, నవ్వుతోంది. లాస్య ఆ కుంకుమ తన నొసటనే పెట్టుకుంది.

"అంతా గుర్తుందా అత్తా?"

"ఉంటుందే. ఎక్కడికి పోద్ది?"

"ఒక్కసారి చూసుకుందామా? నా దగ్గర కాగితమ్ముక్క కూడా లేదు. పాత ఫోనుతోపాటే మెసేజీలన్నీ పోయాయి. ఆనంద్ దగ్గరా లేవట."

"నోర్ముయ్. ఒకసారి నీ మాట విని ముక్కలు ముక్కలుగా చెప్పి తప్పు చేశా. ఇంక ముడి పడేదాకా నా నోట్లోంచి అందులో ఒక్క మాట రాదు. నీ కాపరం చల్లగా ఉండొద్దూ?" అని అచ్చు అందుకుంది. పెదాలు కదిలించకుండానే పని చేసుకుంది. ఆ సంతోషంలో లాస్య మరి అడగలేదు.

ముహూర్తం రాత్రి. అప్పగింతలు పొద్దున. బాక్సు తీగలు లాస్య దగ్గరుండి పీకించింది. పళ్ళెంలో పాలు పోసి, లాస్య చేతులు అందులో ముంచి, అత్తమామల అరచేతుల్లో పెట్టారు. ప్రభాకర్ గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఝాన్సీలక్ష్మి గొంతు అప్పటికే బొంగురుపోయింది. "వదినా, రా వదినా," అని పిలిచింది. రత్నత్త వంటవాళ్ళ వైపునుంచి వచ్చింది. ఇస్త్రీ చీర, తలకు నూనె. మగ్గాల వీధి జనమంతా దారి ఇచ్చారు. పాలతో తడిసిన లాస్య చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మహేష్ వాళ్ళ వైపు తిరిగి, నోరు తెరిచింది.

"మా గుమ్మం తోరణం నువ్వమ్మలూ..."

లాస్య ఉలిక్కిపడి అత్త ముఖంలోకి చూసింది. సరదాకేమో అనుకుంది. కాదు. రత్నత్త ముఖం తెల్లబోయి ఉంది. గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అదే వచ్చింది, అదే ఊపు, అదే చివరి తిప్పు. అప్పటికి హాలు గుర్తుపట్టేసింది. ముందు వరసలో ఎవరో గొంతు కలిపారు, తర్వాత వాళ్ళ వెనకాల, తర్వాత అందరూ. ఫోన్లు పైకి లేచాయి. మా గూటిలో దీపం నువ్వమ్మలూ అని హాలంతా ఒకటే పాట.

రత్నత్త లాస్య చెవి దగ్గరికి వంగింది. "నీది రావట్లేదే కోడలా. పొద్దున దాకా ఉందనుకున్నా. నోరు తెరిస్తే అదే వస్తోంది."

"సైకిలు అత్తా! రైలు గేటు కాడ..."

"ఆఁ ఆఁ. గేటు కాడ సైకిలు పడేసి..." అని అందుకుంది రత్నత్త. ఆ మాట ఆ రాగంలో ఇమడలేదు. పిడికిలి బిగించి గాల్లోనే గుద్ది చూసుకుంది, పాత లెక్క దొరుకుతుందేమోనని. దొరకలేదు. "తర్వాతేంటే?"

లాస్య వెతికింది. తన్నటం ఉండాలి. జ్వరం ఉండాలి. మేడ ఉంది, మేడ మీద ఏమని ఉంది? సంగతులు గుర్తున్నాయి కానీ పాట గుర్తు లేదు. ఊరూరా తిరిగి తను లెక్కలేనన్ని సార్లు పాడిన ఆ తోరణం పాట తన నోట్లో కూడా సిద్ధంగా ఉంది, పెదవి విప్పితే రాలేటట్టుగా. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. చుట్టూ జనం పాటను చివరిదాకా పాడేసి చప్పట్లు కొట్టారు.

"ఎంత బాగుందో! సొంత మేనత్తగారే పాడటం," అని లాస్య అత్తగారు కళ్ళొత్తుకుంది.

రత్నత్త మహేష్ వైపు తిరిగింది. ఎన్నో పందిళ్ళలో ఎందరో పిల్లల గుణగణాలు వల్లించి అప్పజెప్పిన మనిషి, తను పెంచిన పిల్ల చెయ్యి పట్టుకుని, మాట కోసం తడుముకుంది. చివరికి, "మంచిపిల్ల బాబూ. జాగ్రత్తగా చూసుకోండి," అంది.

ఆ మాట ఏ పెళ్ళిలోనైనా ఎవరైనా అంటారు. అప్పటిదాకా ఆపుకున్న లాస్య అత్త చెయ్యి వదలకుండా అక్కడే కూలబడి, వెక్కివెక్కి ఏడ్చింది. వీడియో తీసే మనిషి ఇంకొంచెం దగ్గరికి వచ్చాడు.